ఫైనల్ వాయిదా

1983 జనవరి 7, శుక్రవారం

ఈ డైరీ ఆయన కంపెనీవాళ్లు ఇచ్చింది. తోలు అట్ట, అంచుకి బంగారు రంగు. ఆయన పని సముద్రం మధ్యలో, నూనె తోడే చోట. నెలలో మూడు వారాలు అక్కడే ఉంటారు. "నేను ఇంట్లో ఉంటే నన్ను తిట్టు, లేనప్పుడు దీంట్లో రాసుకో" అని చేతిలో పెట్టారు. సరే, మొదలుపెడుతున్నాను. తిట్లు తర్వాత.

ఇవాళ కొత్త సంవత్సరంలో మొదటి రేసు. బాగానే జరిగింది. షార్జాలో స్కీ రేసులు పెడుతున్నామని ప్రొద్దుటూరులో ఉన్న మా అక్క హుస్సేనమ్మకి రాస్తే, అక్కడ మంచు ఎక్కడిదే, నీకు వడదెబ్బ తగిలిందా అని జవాబు రాయించింది. మంచు లేదు నిజమే. క్లబ్బు వెనక మట్టీ ఇసుకా పోసి లేపిన దిబ్బ ఉంది. దాని వాలు నిండా ప్లాస్టిక్ బ్రష్షు చాపలు పరిచారు, బట్టలుతికే బ్రష్షుని వెల్లకిలా పెట్టినట్టు. నీళ్లతో తడిపితే వాటి మీద స్కీలు, అంటే కాళ్లకి బిగించుకునే పొడుగాటి పలకలు, జారతాయి, ఎండితే జారవు. పైనుంచి కిందిదాకా జెండా కర్రలు పాతుతాం. వాటి మధ్య వంకరటింకరగా తిరుగుతూ ఎవరు ముందు దిగితే వాళ్లు గెలిచినట్టు. ఈ మాత్రం దానికి చలిదేశాల ఇంజనీర్లు, లెబనాన్ బేకరీవాళ్లు, బ్యాంకు గుమాస్తాలు శుక్రవారంపూట నిద్ర మానుకుని వస్తారు.

నేను క్లబ్బు ఆఫీసులో టైపిస్టుని. రేసుల కమిటీ పెద్ద కాలిన్స్ గారు మొదట పేర్లు టైపు చేయమన్నారు. తర్వాత చీటీలు వేసి ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చమన్నారు. తర్వాత వీపుకి కట్టుకునే నంబరు గుడ్డలు కుట్టమన్నారు. ఒకరోజు స్టాప్‌వాచీ తెచ్చి నా మెడలో వేశారు. ఇప్పుడు రేసు పెట్టేదీ నేనే, వాయిదా వేసేదీ నేనే, నిబంధనలు టైపు చేసి గోడకి అంటించేదీ నేనే. స్కీలు మాత్రం ఒక్కసారి కూడా కాలికి తొడగలేదు, తొడగను కూడా.

బాను రెండోదిగా వచ్చింది. బేకరీవాళ్ల నాదియా మొదటిది. కూతురి వంతు వచ్చినప్పుడు నేను వాచీ మరీ జాగ్రత్తగా నొక్కుతాను. ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన మళ్లీ ఆ మాట ఎత్తారు. పదో తరగతి పరీక్షలు కాగానే బాను ప్రొద్దుటూరు వెళ్లాలి, పెద్దమ్మ ఇంట్లో ఉండి ఇంటర్ చదవాలి, డాక్టరు కావాలి. ఇదంతా పోయిన ఏడాదే అనుకున్నాం. నేనూ ఒప్పుకున్నాను, బానూ ఒప్పుకుంది. ఇవాళ మాత్రం అది ఒక షరతు పెట్టింది.

"ఫైనల్ అయినాకే పోతా నాయనా. ఆ నాదియాను ఒక్కసారన్నా దాటల్ల. అంతవరకు టికెట్టు తీయొద్దు."

ఆయన నవ్వి, "సరేలేమా, ఫైనల్ అయిన వారానికి టికెట్టు" అన్నారు.

ఫైనల్ ఏప్రిల్ 8న. చాలా రోజులుంది.

జనవరి 28, శుక్రవారం

నాదియా మొదట, బాను రెండు. అందరూ వెళ్లాక బాను ఇంకో రెండుసార్లు దిగి గానీ ఇంటికి రాలేదు.

ఫిబ్రవరి 10, గురువారం

సాయంత్రం బానుతో రోలా బజారుకి వెళ్లాను. సూది దారం, రెండు గజాల గుడ్డ కొనడానికి. అరగంట పని. ఈ పిల్లతో వెళ్తే ఏ పనీ అరగంటలో కాదు. ప్రతి కొట్టు అద్దం ముందూ ఆగుతుంది. గడియారాలు చూస్తుంది, టేప్‌రికార్డర్లు చూస్తుంది, తను ఎన్నడూ కొనని మగవాళ్ల బూట్లు చూస్తుంది. చివరికి బంగారం కొట్టు దగ్గర నేను జబ్బ పట్టుకుని లాగాను.

"బిరీన నడువు. దిబ్బ మీద గాలి మాదిరి వస్తావు, ఈడ కాళ్లు రావేం?"

"దిబ్బ మీద నాదియా ఉంటాది. ఈడ నువ్వే కదా ఉండేది" అంది.

నేను గుడ్డల కొట్లోకి వెళ్లిపోయాను. కొత్త జెండాలకి ఎరుపు, నీలం కొన్నాను. కింద గీత దగ్గర పెట్టే జెండాకి ఆకుపచ్చ కొన్నాను, కాస్త ఎక్కువే.

మార్చి 4, శుక్రవారం

రేసు అయ్యాక లచ్చన్న ఒక కాగితం పొట్లం పట్టుకుని ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చాపలు తడపడం, చిరిగితే అతకడం, మనుషుల్ని పైకి లాగే మోటారు తాడు నడపడం, పై గీత దగ్గర జెండా ఊపడం, అన్నీ అతని పనే. నిజామాబాద్ వైపు మనిషి. పొట్లంలో పసుపురంగు గౌను ఉంది, మెడ చుట్టూ లేసు.

"అక్కా, మా బిడ్డకు తీస్కున్న. వట్టుతదా, జర జూడుండ్రి."

"ఎన్నేళ్లు బిడ్డకు?"

"ఉగాదికి ఏడాది నిండుతది. నేనిటు వచ్చినంకనే వుట్టింది. ఇంక నేను జూడలే." లేసు సవరిస్తూ, "ఫైనల్ అయినంక చాపలు సుట్టుడు, గోదాంల ఏసుడు, ఖలాస్. ముదీర్ నా సెలవు కాయితం మీద గట్లనే రాసిండు, చాపలు సుట్టినంక అని" అన్నాడు. ఇక్కడ మేనేజర్ని ముదీర్ అంటారు.

గౌను పట్టుకుని చూశాను. ఏడాది పిల్లకి కొంచెం వదులుగా, చక్కగా ఉంటుంది. సరిపోతుందని చెప్పాను. దాన్ని మళ్లీ పొట్లం కట్టడానికి అతనికి చాలాసేపు పట్టింది. భార్య కొమురవ్వ ఏమంటుందో అని ఒకటికి రెండుసార్లు అన్నాడు.

మార్చి 30, బుధవారం

బాను పరీక్షలు అయిపోయాయి. బాగా రాసిందట.

పుస్తకాలన్నీ అటక మీద పెట్టేసి, సాయంత్రమయ్యేసరికి దిబ్బ మీదికి పరుగు. నేను ఆఫీసు కిటికీలోంచి చూస్తూ టైపు చేస్తాను. ఇవాళ ఒక ఉత్తరంలో కాలిన్స్ గారి పేరు మూడు రకాలుగా కొట్టాను.

ఆకుపచ్చ గుడ్డ మిగిలితే రెండు ఇమాం జామిన్లు కుట్టాను. ప్రయాణమయ్యేవాళ్ల జబ్బకి మా ఇళ్లల్లో కడతాం, లోపల ఒక నాణెం పెట్టి. క్షేమంగా చేరాక విప్పి ఆ నాణెం దానం చేయాలి. ఎవరికోసమనీ కాదు, గుడ్డ వృథా కాకూడదని కుట్టాను. ఒకటి సరిపోయేది. రెండోదానికి కూడా గుడ్డ వచ్చింది.

నాకేమీ బాధగా లేదు. అందరి పిల్లలూ వెళ్తున్నారు.

ఏప్రిల్ 8, శుక్రవారం

గాలి. పొద్దున లేచేసరికి కిటికీ రెక్కల మీద ఇసుక. దిబ్బ దగ్గరికి వెళ్తే జెండా కర్రలు సగం పడిపోయి ఉన్నాయి, చాపల బ్రష్షుల్లో ఇసుక నిండిపోయింది, పక్కన నిలబడ్డ మనిషి కనిపించడంలేదు. కాలిన్స్ గారు గొంతుకి రుమాలు కట్టుకుని వచ్చి చేతులెత్తేశారు. రేసు వాయిదా, 22వ తేదీకి. ఎవరేం చేస్తారు, గాలి మన చేతిలో ఉందా.

ఇంటికొచ్చి బిర్యానీ చేశాను. ఎందుకో చాలా ఆకలేసింది.

ఏప్రిల్ 9, శనివారం

గాలి లేదు. ఆకాశం తేటగా ఉంది. నిన్న ఇలా ఉండి ఉంటే ఎంత బాగుండేది అన్నారు కాలిన్స్ గారు. అవునండీ అన్నాను.

ఏప్రిల్ 20, బుధవారం

నీళ్ల ట్యాంకర్‌కి ఫోన్ చేయాలి. చాపలు తడపడానికి శుక్రవారం తెల్లారేసరికి రావాలి. ఇవాళ టైపింగు చాలా ఉంది. రేపు చేస్తాను.

ఏప్రిల్ 21, గురువారం

సాయంత్రం ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ఫోన్ ఉన్నది ఆఫీసులోనే. మనిషన్నాక మరుపు ఉండదా.

ఏప్రిల్ 22, శుక్రవారం

నీళ్లు లేవు, రేసు లేదు. మే 6కి వేశాం.

తోటకి పెట్టే నీళ్లు ఉన్నాయి, గొట్టం లాగి తడుపుతానన్నాడు లచ్చన్న. కాదన్నాను. వాలు మొత్తం ఒకేలా తడిసి ఉండాలని నిబంధన. ఒకరికి తడి, ఒకరికి పొడి అయితే అన్యాయం కదా. గోడ మీద కాగితం కూడా చూపించాను. "మీరే రాసిండ్రు గదక్కా" అన్నాడు, నవ్వుతూనే.

బాను అప్పటికే నంబరు కట్టుకుని నిలబడి ఉంది. ముడి విప్పుకుంటూ నా వైపు చూసింది.

"పక్కింటోళ్లకు ఇచ్చిన గరిటె కూడా మర్చిపోవే నువ్వు. ట్యాంకరును ఎట్ల మర్చిపోయినావు మా?"

గరిటె వేరు, ట్యాంకర్ వేరు అన్నాను.

ఏప్రిల్ 29, శుక్రవారం

ఆయన వచ్చారు. ఎండకి ఇంకా నల్లబడ్డారు. వచ్చీ రాగానే, "ఫైనల్ అయిందా?" అని అడిగారు. గాలి సంగతి చెప్పాను, నీళ్ల సంగతి చెప్పాను. ఫోన్ సంగతి చెప్పలేదు. హుస్సేనమ్మ ఉత్తరం ఇచ్చాను. కాలేజీలో మాట్లాడి పెట్టిందట, మేలోనే వస్తే జూన్‌లోపు తెలుగు రాయడం బాగా నేర్పిస్తానంది. బాను మాట్లాడే తెలుగుకి ఢోకా లేదు గానీ, రాస్తే గొబ్బెమ్మల వరసలా ఉంటుంది.

ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని ఏదో అనబోయారు. నేను చాయ్ పట్టుకొచ్చాను. తాగేశారు.

మే 4, బుధవారం

చాపల్ని ఒకదానికొకటి కలిపే క్లిప్పులు తుప్పు పట్టాయి. ఇవాళే గమనించాను. పిల్లల చేతులకి గీసుకుంటే? ధనుర్వాతం వస్తే? ఇలాంటి వాటి దగ్గర అలసత్వం పనికిరాదు. వాయిదా నోటీసు టైపు చేసి అంటించి, ఆ తర్వాత లచ్చన్నని పిలిచి చెప్పాను.

"అవి పోయినేడు సుత తుప్పేనక్కా" అన్నాడు.

ఈసారి తేదీ వేయలేదు. తేదీ తర్వాత తెలియజేయబడును అని వేశాను.

మే 6, శుక్రవారం

రేసు ఉండాల్సిన రోజు. ఎండ మండిపోతోంది. ఈ వేడికి బ్రష్షులు మెత్తబడి స్కీలని పట్టేసుకుంటున్నాయట. నవంబరు నుంచి ఏప్రిల్ మొదటిదాకా ఆడే ఆట ఇది. నాదియా ప్రాక్టీసుకి రావడం తగ్గించేసింది. బాను ఒక్కతే తెల్లవారుజామున లేచి వెళ్తోంది. మోచేయి చెక్కుకుపోయి వచ్చింది. పసుపు పెట్టబోతే నా చేతిలోంచి గిన్నె తీసుకుని తనే పెట్టుకుంది.

మే 8, ఆదివారం

ఆయన వెళ్లిపోయారు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "రజియా, నాకూ ఇష్టం లేదే దాన్ని పంపడం" అన్నారు.

అంత పెద్ద మనిషి అలా అంటే నేనేం చేయను. చొక్కా గుండీ ఒకటి వదులుగా ఉంటే అక్కడే నిలబెట్టి కుట్టి పంపాను.

మే 10, మంగళవారం

రాయకుండా ఉందామనుకున్నాను.

మధ్యాహ్నం లచ్చన్న క్లిప్పుల పెట్టె పట్టుకుని వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే తుప్పంతా గీకి, నూనె రాసి, అన్నీ కొత్తవాటిలా చేశాడు. పెట్టె బల్ల మీద పెట్టి వెళ్లబోయి ఆగాడు.

"అక్కా, ఒకటడుగుత. ఆడివిల్లలు రెండు నెలలల్ల ఎంత వెరుగుతరు?"

"ఎందుకు లచ్చన్నా?"

"ఏంలే. గౌను ఉగాది లెక్కకు తీస్కుంటి గద. ఇప్పుడు ఇంకింత వెద్దది తీస్కోవాల్నా, గదే సాలునా అని. మా కొమురవ్వ నడుగుదమంటె ఉత్తరం వోయి వచ్చేటాల్లకు ఆ జవాబు సుత పాతదైతది."

అతను నన్ను దెప్పడానికి అనలేదు. దెప్పి ఉంటే తిరిగి ఏదో ఒకటి అని ఉండేదాన్ని, నాకు ఆ నోరు ఉంది. నిజంగా గౌను కొలత కోసమే అడిగాడు. ఇద్దరు పిల్లల తల్లిని అడిగినట్టు అడిగాడు. నాకున్నది ఒక్కతే.

ఏడాది పిల్ల రెండు నెలల్లో ఎంత పెరుగుతుందో నాకు తెలుసు. గోడ పట్టుకుని నిలబడేది గోడ వదిలేస్తుంది. అందరి దగ్గరికీ వెళ్లేది కొత్తవాళ్లని చూసి ఏడవడం నేర్చుకుంటుంది. రెండు పళ్లు ఆరవుతాయి. బాను మొదటి అడుగు వేసింది ఆ వయసులోనే, మా అమ్మ ఇంటి వసారాలో, నా కొంగు కోసం. అప్పుడు ఆయన ఇక్కడే, పక్కన దుబాయ్‌లో ఉన్నారు. ఉత్తరంలో రాస్తే, మళ్లీ వేయించు, వచ్చి చూస్తాను అని రాశారు.

చాపలు చుట్టినాక సెలవు. ఫైనల్ అయినాక చాపలు చుట్టడం. ఫైనల్ నా చేతిలో ఉంది. నా బిడ్డని ఇంకో నాలుగు రోజులు కళ్ల ముందు ఉంచుకోవాలని, చూడనైనా చూడని బిడ్డ దగ్గరికి పోనీకుండా ఒక తండ్రిని ఇక్కడ కట్టేశాను. గాలి వాయిదా ఒక్కటే నిజం. మిగతావన్నీ నేనే.

లచ్చన్నకి ఏం చెప్పానో రాయనేలేదు. "కొంచెం పెద్దది కూడా ఒకటి కొను" అన్నాను.

మే 11, బుధవారం

ముందు ట్యాంకర్‌కి ఫోన్ చేశాను. తర్వాతే కుర్చీలో కూర్చున్నాను. ఫైనల్ మే 20, శుక్రవారం, ఎండ ఎక్కకముందే. నోటీసు అంటించాను. కాలిన్స్ గారు చదివి, నా ముఖం చూసి, చాలా సంతోషం అన్నారు. ఆయనకీ ఒక కూతురు ఉందట, ఎక్కడో హాస్టల్లో. మూడేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాను, ఈ సంగతి ఇవాళే తెలిసింది.

సాయంత్రం బాను నోటీసు ముందు నిలబడి రెండుసార్లు చదివింది.

"ఖాయమేనా మా?"

"ఖాయమే."

ఇంటికొచ్చాక నా వాటా మామిడిపండు కూడా అదే తినేసింది.

మే 19, గురువారం

చీటీలు వేశాను. బానుకి చివరి నంబరు వచ్చింది. దీంట్లో నా ప్రమేయం ఏమీ లేదు. కాలిన్స్ గారు పక్కనే నిలబడి చూశారు.

మే 20, శుక్రవారం

మొత్తం వరసగా రాస్తాను.

తెల్లవారకముందే ట్యాంకర్ వచ్చింది. లచ్చన్న వాలు మొత్తం రెండుసార్లు తడిపాడు. ఈ ఎండల్లో ఎవరొస్తారులే అనుకున్నాను గానీ, దాదాపు అందరూ వచ్చారు. నాదియా వాళ్ల నాన్న బుట్టెడు రొట్టెలు తెచ్చాడు. బానుకి నంబరు గుడ్డ నేనే కట్టాను. ముడి గట్టిగా వేశానో లేదో అని మూడోసారి చూస్తుంటే, "మా, ఊపిరాడనీ" అంది.

నాదియా బాగా దిగింది. ఈ సీజన్లో దాని టైముల్లో అదే మంచిది. దానికి దీటుగా మరెవరూ రాలేదు. ఇక మిగిలింది బాను ఒక్కతే.

నేను కింద ఆకుపచ్చ జెండా దగ్గర, వాచీ చేతిలో. పైన లచ్చన్న. అతని జెండా కిందికి దిగగానే నేను నొక్కాలి, బాను గీత దాటగానే మళ్లీ నొక్కాలి. రెండు నొక్కుళ్లు. ఎందరికి నొక్కానో లెక్క లేదు.

జెండా దిగింది. బాను బయల్దేరింది.

ఇన్నాళ్లూ నేను దాని రేసు చూడనే లేదని అప్పుడు తెలిసింది. ఎప్పుడూ జెండా చూసేదాన్ని, గీత చూసేదాన్ని, ముల్లు చూసేదాన్ని. మధ్యలో బాను ఎలా వస్తుందో ఒక్కనాడూ చూడలేదు. మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని, తల ఒక పక్కకి కొంచెం వంచి వస్తుంది. అన్నం తినేటప్పుడు పుస్తకం చదువుతూ తల అలాగే వంచుతుంది. ప్రతి కర్ర దగ్గరా భుజం రాసుకునేంత దగ్గరగా తిరిగింది. పెదాలు కదులుతున్నాయి, ఏదో లెక్కపెట్టుకుంటోంది. నా పిల్ల ఇంత బాగుంటుందా అనుకున్నాను. నా పక్కనుంచే గీత దాటి పోయింది. నీటి తుంపరలు నా ముఖం మీద పడ్డాయి.

అందరూ చప్పట్లు కొట్టారు. నాదియా కూడా కొట్టింది. ఎవరు గెలిచారో అడగక్కర్లేదు. కాలిన్స్ గారు పెన్సిలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

వాచీలో ముల్లు సున్నా మీదే ఉంది.

వాచీలో ఇసుక పోయినట్టుంది అన్నాను. ఇసుక ఏమీ పోలేదు. ఈసారి మర్చిపోదామని కూడా అనుకోలేదు, అల్లా సాక్షి. చూస్తూ ఉండిపోయాను, అంతే.

కాలిన్స్ గారు గోడ వైపు చూడలేదు గానీ ఇద్దరికీ తెలుసు. టైము నమోదు కాకపోతే ఆ పోటీదారు మళ్లీ దిగాలి, లేదంటే పరుగు లెక్కలోకి రాదు. కాగితం మీద ఆ వాక్యం నేనే కొట్టాను. ఆయన చాలా మెల్లగా చెప్పారు, మళ్లీ దిగాల్సి ఉంటుంది అని. అప్పటికే ఎండ ఎక్కింది, చాపలు ఆవిరి కక్కుతున్నాయి. మళ్లీ అలా దిగడం ఎవరివల్లా కాదు.

బాను స్కీలు భుజాన వేసుకుని వచ్చింది. నా అరచేతిలో వాచీ చూసింది.

"నొక్కలేదా?"

"నిన్ను చూస్తా ఉంటి పాపా."

తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. చెమట పట్టిన తన చేత్తో నా ముఖం మీది నీళ్లు తుడిచింది. తర్వాత మోటారు తాడు పట్టుకుని పైకి వెళ్లిపోయింది. లచ్చన్న మళ్లీ వాలంతా తడిపాడు.

జెండా దిగింది. నేను నొక్కాను.

బాను మెల్లగా వచ్చింది. మొదట చాపలు పట్టేస్తున్నాయేమో అనుకున్నాను. కాదు. తనే ఆపుకుంటూ వస్తోంది. ఒక్కో కర్ర చుట్టూ వీలైనంత వెడల్పుగా తిరుగుతోంది. ఎర్ర జెండా దగ్గర, నీలం జెండా దగ్గర, రోలాలో కొట్ల అద్దాలు చూసుకుంటూ నడిచినట్టే. తల ఎత్తి, దారంతా నన్నే చూస్తూ వచ్చింది. జనం గుసగుసలాడారు. నేను కూడా కన్ను ఆర్పలేదు. కళ్లల్లో నీళ్లు నిండి మసకబారితే తుడుచుకున్నాను గానీ ముఖం తిప్పలేదు.

గీత దాటింది. నొక్కాను. ఈ సీజన్ మొత్తంలో అంత పెద్ద టైము ఇంకెవరికీ నేను రాయలేదు. చక్కటి అక్షరాలతో రాశాను.

నాదియా మొదటిది. బాను ఆఖరిది.

"నాదియాను దాటల్లంటివి కదా పాపా" అన్నాను.

"దాటినా కదా. మొదటిది చూసినావా లేదా నువ్వు?"

"చూసినా."

"అది నాది. రెండోది నీది మా" అంది. నంబరు గుడ్డ ముడి విప్పమని నాకు వీపు తిప్పింది.

మే 21, శనివారం

చాపలు చుట్టడం మొదలైంది. లచ్చన్న పాట పాడుకుంటూ చుడుతున్నాడు. ఆయన సెలవు పెట్టుకుని ఇవాళే వచ్చి టికెట్లు తీశారు, బాను వెంట తనూ వెళ్తారు, దింపి వస్తారు. నేను వెళ్లను. వెళ్తే తిరిగి రానని ఇద్దరికీ తెలుసు.

మే 26, గురువారం

ఎయిర్‌పోర్టుకి బయల్దేరేముందు బాను జబ్బకి ఇమాం జామిన్ కట్టాను. ఆకుపచ్చ గుడ్డ చూడగానే గుర్తుపట్టింది.

"ఇది కింద గీత జెండాది కదా?"

అవునన్నాను. పెట్టెలో రెండోది చూసి, ఇది ఎవరికి అని అడిగింది. చెప్పాను. చాలాసేపు నన్ను గట్టిగా పట్టుకుని నిలబడింది. నాకంటే అర అంగుళం ఎత్తయింది, ఎప్పుడయిందో.

మే 29, ఆదివారం

టెలిగ్రాం. క్షేమంగా చేరారు.

రెండు గ్లాసుల చాయ్ పెట్టాను. రెండోది వంపేయలేక తాగాను.

మే 30, సోమవారం

లచ్చన్న బొంబాయి విమానం ఎక్కుతున్నాడు. ఆకుపచ్చ పట్టీ చూపించి, మా వాళ్లలో కడతాం, నీకు అభ్యంతరం లేకపోతే అన్నాను. చొక్కా చేయి పైకి మడిచి జబ్బ ముందుకు పెట్టాడు. "కట్టుండ్రి అక్కా. ఏ దేవుడైతేంది, బిడ్డ కాడికి తోల్కపోతె సాలు." సూట్‌కేసులో పై వరసలోనే పసుపు గౌను ఉంది. దాని కింద ఎర్రది, పెద్దది.

నవంబరు 4, శుక్రవారం

అయిదు నెలలుగా ఏమీ రాయలేదు. రాయడానికి ఏముంది. పని చేశాను, వండాను, ఆయన వచ్చారు, వెళ్లారు. బాను వారానికో ఉత్తరం రాస్తోంది, తెలుగులోనే. అక్షరాలు ఇప్పుడు వరసలో నిలబడుతున్నాయి. ఈ వారం ఉత్తరంలో, కాలేజీ మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని దిగుతుంటే అందరూ నవ్వుతున్నారని రాసింది. చదివి నేనూ నవ్వాను, తర్వాత కాసేపు ఏడ్చాను.

లచ్చన్న తిరిగొచ్చాడు. ఇవాళ చాపలు పరిచాం. గౌను సంగతి అడగడానికి నాకు మధ్యాహ్నందాకా ధైర్యం రాలేదు.

"పసుపుది వట్టలేదక్కా. తలకాడనే ఆగింది. ఎర్రది వట్టింది." నా ముఖం ఎలా పెట్టానో గానీ వెంటనే అన్నాడు, "కొమురవ్వ ఊకుంటదా మరి. పసుపుదాని కుట్లిప్పి, పక్కల గుడ్డేసి పెద్దగ జేసింది. గదే ఏస్కుంటది మా బిడ్డ, ఎర్రది ముట్టది. మొదలు నన్ను జూసి ఏడ్సింది. నాలుగొద్దులకు నా మెడ ఇడువలే."

ఆఫీసులోకి వచ్చి మిషన్ ముందు కూర్చున్నాను. కొత్త సీజన్ రేసుల తేదీలు టైపు చేయాలి. కాలిన్స్ గారు ఫైనల్ ఏప్రిల్‌లో పెడదామా అని అడిగారు. వద్దన్నాను. మార్చి మొదటి శుక్రవారం అని కొట్టాను. దాని కింద కొత్త నిబంధన ఒకటి చేర్చాను. ఫైనల్ తేదీ ఏ కారణంతోనూ మార్చబడదు. గాలి వచ్చినా సరే.

బానుకి ఇంటర్ పరీక్షలు అయ్యేది కూడా మార్చిలోనే. అవి కాగానే సెలవులకి వస్తుంది, అప్పటికి నాకు రేసులేవీ ఉండకూడదు. ఆ మాట నోటీసులో వేయలేదు.